వెతికి అడగండి అంటారు సరే, ఏమని వెతకాలి?

తెనాలి_డీటీపీ
పెళ్లి కార్డులు, కరపత్రాలు, సావనీర్లు చేసుకుని బతికేవాణ్ణి. ఇన్నాళ్లూ పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే నడిచింది. కొత్త సిస్టమ్ తీసుకున్నాక లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే యూనికోడ్‌లోకి వద్దామని ఒక గుడి సావనీర్ అందులోని రైటర్‌లో మొదలుపెట్టాను. స్టైల్‌లోకి వెళ్లి ఫాంటు రామభద్ర అని పెట్టి, సైజు 14 చేశాను. మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు మారుతున్నాయి. తెలుగు మాత్రం ఉలకదు, పలకదు.

ఒక ఇంగ్లీషు గ్రూపులో అడిగాను. కాసేపటికే ఒకాయన వచ్చి, ఇది ఇదివరకే చాలాసార్లు అడిగారు, ముందు వెతికి తర్వాత అడగండి అని థ్రెడ్ మూసేశాడు. నేను వెతకలేదా? తెలుగు ఫాంటు మారడం లేదు, సైజు పెరగడం లేదు అని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా కొట్టొచ్చో అన్ని రకాలుగా కొట్టాను. ఫాంట్లు డౌన్‌లోడ్ చేసుకోమనే సైట్లు తప్ప ఏమీ రాలేదు. ఏమని వెతకాలో తెలిసినవాణ్ణయితే వాళ్ల గుమ్మం ఎందుకు తొక్కుతాను?

కొత్తగా వచ్చినవాళ్లకు సాయం చేసే పద్ధతి ఇదేనా అని అడుగుతున్నా.

కర్సర్
వెర్షన్ ఎంత? విండోసా, లైనక్సా? స్క్రీన్‌షాట్ ఏది?

సీను_శ్రీకాకుళం
ఆయన కడుపు మండి వస్తే నువ్వు ఆధార్ కార్డు, రేషన్ కార్డు అడుగుతున్నావేంటి కర్సరూ

కర్సర్
అడక్కుండా చెప్పడానికి నేనేమన్నా సోది చెప్తానా?

వనజ_ఓరుగల్లు
డీటీపీ గారూ, ఇంగ్లీషు మాటలు మారుతున్నాయి, తెలుగు మారడం లేదు అన్నారు చూడండి, ఆ ఒక్క ముక్క చాలు. వెర్షన్ అక్కర్లేదు.

లిబ్రేఆఫీస్ ప్రతి స్టైల్‌కీ మూడు ఫాంట్లు దాచుకుంటుంది. ఇంగ్లీషు లాంటి లిపులకు ఒకటి, చైనా జపాన్ కొరియా లిపులకు ఒకటి, మన భారతీయ లిపులకూ అరబిక్ లాంటివాటికీ ఒకటి. మూడోదాన్ని వాళ్లు కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అంటారు, పొట్టిగా సీటీఎల్. మీరు మార్చింది మొదటిదాన్ని. మూడోది మీకు కనపడి ఉండదు, ఎందుకంటే అది ఆన్ చేసి లేదు.

టూల్స్, ఆప్షన్స్‌లో భాషల సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. అక్కడ కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అని చిన్న గడి ఉంటుంది, టిక్ పెట్టి ఓకే కొట్టండి. ఇప్పుడు ఎఫ్11 నొక్కితే పక్కన స్టైల్స్ వస్తాయి. డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్‌లోకి వెళ్తే ఫాంట్ పేజీలో ఇందాక లేని భాగం ఒకటి కనిపిస్తుంది. రామభద్ర, 14 అక్కడ పెట్టండి.

వర్డ్‌లో కూడా ఈ తిరకాసు ఉంది. అక్కడ కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని రాసి ఉంటుంది.

తెనాలి_డీటీపీ
వచ్చింది!! పుస్తకం మొత్తం ఒక్క దెబ్బకు మారిపోయింది. వనజ గారూ, మీకు రుణపడిపోయాను.

కానీ నా కోపం ఇంకా ఎక్కువైంది. కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అనే పేరు నాకు కలలోకి వస్తుందా? ఇప్పుడు ఆ పేరుతో వెతికితే కుప్పలుతెప్పలుగా జవాబులు వస్తున్నాయి. నా థ్రెడ్ మూసినాయన ఆ మూడు మాటలు రాసి మూసినా దండం పెట్టేవాణ్ణి.

సీను_శ్రీకాకుళం
మనకేమో ఓనమాలు, వాళ్లకేమో కాంప్లెక్స్

పాత_మౌస్
అందరూ ఆ మూసినాయన్ని తిడుతున్నారు కాబట్టి అవతలి పక్షం కూడా వినండి. నేను చాలా ఏళ్లుగా ఇలాంటి చోట్ల జవాబులు రాస్తున్నాను. జీతం లేదు, భత్యం లేదు. రాత్రి భోజనం చేసి కూర్చుంటే వచ్చే ప్రశ్నలు ఇలా ఉంటాయి: అర్జంట్ సార్. హెల్ప్ ప్లీజ్. పనిచేయట్లేదు. ఏది పనిచేయట్లేదో రాయరు. అడిగితే రెండు రోజులు పత్తా ఉండరు. మూడో రోజు వచ్చి, సెట్ అయిపోయింది థాంక్స్ అంటారు. ఎలా సెట్ అయిందో చెప్పరు. తర్వాత అదే సమస్యతో వచ్చినవాడికి ఆ థ్రెడ్ ఎందుకూ కొరగాదు.

ఇది ఈనాటి గొడవ కాదు. వెబ్ రాకముందే యూజ్‌నెట్ అని నెట్‌లో చర్చా గుంపులు ఉండేవి. యూజ్‌నెట్ రోజుల్లో అమెరికాలో ఏటా సెప్టెంబరులో కాలేజీల్లో కొత్త పిల్లలు చేరి, నెట్ దొరగ్గానే పాత ప్రశ్నలన్నీ మళ్లీ మొదటినుంచి అడిగేవాళ్లు. ఓ నెల ఓర్చుకుంటే మర్యాదలు నేర్చుకుని సర్దుకునేవాళ్లు. 1993, 94ల్లో ఏఓఎల్ లాంటి నెట్ కంపెనీలు తమ ఖాతాదారులందరికీ యూజ్‌నెట్ తలుపు తెరవడం మొదలుపెట్టాక కొత్తవాళ్ల రాక ఆగనేలేదు. 1993 సెప్టెంబరు ఇంకా అయిపోలేదని పాతవాళ్లు ఇప్పటికీ వేళాకోళం ఆడతారు. తరచూ అడిగే ప్రశ్నలంటూ ముందే జాబితా రాసి పెట్టే అలవాటు ఆ గుంపుల్లో అంతగా పాతుకుపోయింది కూడా ఈ బాధ పడలేకే. రాసి పెట్టినదాన్ని చదవమనడం తప్పెలా అవుతుంది?

వనజ_ఓరుగల్లు
చదవమనడం తప్పు కాదు మాస్టారూ. ఏది చదవాలో చెప్పకపోవడమే గొడవ. లింకు ఒకటి ఇచ్చి మూస్తే ఈ థ్రెడ్డే పుట్టేది కాదు.

పాత_మౌస్
లింకు ఇస్తే, చదివాను అర్థం కాలేదు మీరే చెప్పండి అంటారమ్మా.

టీచరమ్మ_నంద్యాల
అర్థం కానివాళ్లే కదండీ అడిగేది!

నాది చెప్తాను. మా స్కూలుకు ఒక పాత తెలుగు ఫైలు వచ్చింది. తెరిస్తే మొత్తం పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో గీతలు, చుక్కలు. నాకు తెలిసిన భాషలో, వైరస్ పట్టిందా అని ఒక గ్రూపులో అడిగాను. ఎంత నవ్వారో! ఒకరు యాంటీవైరస్ పేరు చెప్పారు. ఒకరు ఫార్మాట్ కొట్టేయమన్నారు. ఇంకొకరు తెలుగు ఫాంట్లన్నీ వేసుకోమంటే కనపడిన యూనికోడ్ ఫాంటల్లా వేశాను, సిస్టమ్ నెమ్మదించింది తప్ప ఫైలు మారలేదు.

చివరికి ఒకమ్మాయి, మేడమ్, ఆ అక్షరాల మీద క్లిక్ చేసి, పైన ఫాంటు పేరు ఉండే పెట్టెలో ఏముందో చూసి చెప్పండి అంది. చూస్తే అక్కడ అను ఫాంటు పేరు వాలు అక్షరాల్లో ఉంది. లిబ్రేఆఫీస్‌లో ఆ పేరు వాలుగా ఉందంటే ఆ ఫాంటు మీ సిస్టమ్‌లో లేదని అర్థమట. అదొక పాత ఫాంటు, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లే, పైన తెలుగు బొమ్మ తొడిగారు, కాబట్టి యూనికోడ్‌లోకి కన్వర్ట్ చేసుకోవాలి అని చెప్పి, అను టు యూనికోడ్ కన్వర్టర్ అని వెతకమంది. పదిమందీ నాకు జవాబు చెప్పబోయారు. ఆ పిల్ల ఒక్కతే నన్ను ఎక్కడ చూడాలో అడిగింది.

తెనాలి_డీటీపీ
టీచర్ గారూ, అలాంటి ఫైళ్లు పుట్టించిందే మా జాతి. క్షమించాలి 🙏

బే_ఏరియా_బాబాయ్
ఇందాక మూసేయడం గురించి అన్నారు కాబట్టి ఒక మాట. స్టాక్ ఓవర్‌ఫ్లో అని ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు ఒకటుంది, 2008లో మొదలైంది. వాళ్లు నకలు ప్రశ్నను చెరిపేయకుండా అసలు ప్రశ్నకు ముడిపెట్టి ఉంచే పద్ధతి పెట్టుకున్నారు. కారణం ఏమిటంటే ఒకే సమస్యను పదిమంది పది మాటల్లో అడుగుతారు. పదకొండోవాడు ఏ మాటలతో వెతికినా వాటిలో ఏదో ఒక నకలు తగిలి, అక్కడినుంచి అసలు జవాబుకు దారి దొరుకుతుంది. అంటే డీటీపీ గారు అడిగిన తీరు కూడా విలువైనదే, పక్కన లింకు ఉంటే.

అయితే ఆ ముద్ర పడ్డవాడికి మాత్రం ఇదంతా తెలియదు, చెంపదెబ్బ లాగే ఉంటుంది. 2018లో ఆ సైటువాళ్లే బ్లాగులో రాసుకున్నారు, కొత్తవాళ్లకు మా దగ్గర మర్యాద దొరకడం లేదు, మార్చుకోవాలి అని. ఆ ఏడే కొత్తగా వచ్చినవాళ్ల ప్రశ్న కింద కొత్త సభ్యుడు అని చిన్న గుర్తు పెట్టడం మొదలుపెట్టారు. స్పానిష్, పోర్చుగీస్, రష్యన్, జపనీస్ వాళ్లకు వేరే స్టాక్ ఓవర్‌ఫ్లోలు ఉన్నాయి. మనకు లేదు.

సీను_శ్రీకాకుళం
కొత్తల్లుడికి బొట్టు పెట్టినట్టు

అనంత_లైనక్స్
కొత్తవాళ్లతో ఇంకో చిక్కుంది. సమస్య ఒకటుంటే, దానికి వాళ్లు కనిపెట్టిన విరుగుడు గురించి అడుగుతారు. మా ఆఫీసులో ఒకాయన, రైటర్‌లో ఎన్ని ఎంటర్లు కొడితే కొత్త పేజీ వస్తుంది అని అడిగాడు. ఫాంటు సైజును బట్టి లెక్క కావాలట ఆయనకు. కంట్రోల్, ఎంటర్ కలిపి ఒక్కసారి నొక్కితే కొత్త పేజీ వస్తుందని చెప్పాక మనిషి రెండు నిమిషాలు మాట్లాడలేదు. ఎంటర్లు లెక్కపెట్టి చెప్పేవాడు కూడా సాయం చేసినట్టే అనుకుంటాడు. అసలు మీరేం చేద్దామనుకుంటున్నారు అని అడగాలి ముందు.

కర్సర్
అందుకే నేను వెర్షన్, స్క్రీన్‌షాట్ అడిగేది. అందరూ నన్ను బంట్రోతులా చూస్తున్నారు గానీ, అదేం పెద్ద పని కాదు. హెల్ప్ మెనూలో అబౌట్ లిబ్రేఆఫీస్ తెరిస్తే వెర్షన్ వివరాలన్నీ ఒకేసారి కాపీ చేసుకునే బటన్ ఉంటుంది. నొక్కి ఇక్కడ పేస్ట్ చేస్తే చాలు. స్క్రీన్‌షాట్‌కు విండోస్‌లో విండోస్ కీ, షిఫ్ట్, ఎస్. ఫోనుతో మానిటర్‌ని ఏటవాలుగా ఫొటో తీసి, ఫ్లాష్ వెలుగు సరిగ్గా ఎర్రర్ మెసేజ్ మీదే పడేలా పెట్టకండి, దండం పెడతా.

ఎర్రర్ వస్తే దాన్ని మీ మాటల్లోకి మార్చొద్దు. ఉన్నదున్నట్టు కొట్టండి. వెతికేటప్పుడు ఆ వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడితే అచ్చంగా అదే వాక్యం ఉన్న పేజీలు వస్తాయి. మీ ఫైలు పేరు, మీ ఫోల్డరు పేరు మాత్రం అందులోంచి తీసేయాలి, అవి మీ సిస్టమ్‌లో తప్ప ప్రపంచంలో ఎక్కడా ఉండవు.

సమస్యను ఎంత చిన్నది చేస్తే అంత మంచిది. 2018 ఫిబ్రవరిలో తెలుగు జ్ఞా దెబ్బకు ఐఫోన్లు కుప్పకూలిన సంగతి గుర్తుందా? ఫోన్ ఆగిపోతోంది అని మాత్రమే చెప్పుకుంటూ ఉంటే ఎన్నాళ్లు పట్టేదో. ఫలానా అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఓఎస్ 11.2.5లో యాప్ పడిపోతోంది అని తేలాక ఎవరైనా తమ ఫోనులో చూసుకోగలిగారు. కొద్ది రోజుల్లోనే 11.2.6 వచ్చింది. మీ రెండొందల పేజీల సావనీర్ పంపకండి, తప్పు కనిపించే ఒక్క లైను కొత్త ఫైల్లో పెట్టి పంపండి.

సీను_శ్రీకాకుళం
ఒక్క అక్షరంతో ఆపిల్‌ని పడగొట్టిన జాతి మనది, ఫాంటు సైజు పెంచుకోలేకపోతున్నాం

టీచరమ్మ_నంద్యాల
కర్సర్ గారూ, చెప్పింది బాగుంది. మొదటి పోస్టులో మూడు ప్రశ్నలు విసిరే బదులు ఈ అబౌట్ సంగతి అప్పుడే రాసుంటే ఇంకా బాగుండేది.

కర్సర్
సరే మేడమ్, ఇకమీదట అలాగే.

నెల్లూరు_నాని
అసలు ప్రమాదం ఎవరూ చెప్పలేదు. మా బావగారు ప్రింటర్ గురించి ఒక పబ్లిక్ పేజీలో అడిగి ఫోన్ నంబరు కూడా పెట్టాడు. గంట తిరక్కుండా కంపెనీ సపోర్టు నుంచి అంటూ ఫోను. స్క్రీన్ చూపించే యాప్ వేయించారు, పది రూపాయలు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నారు. ఆయన బ్యాంకు యాప్ తెరిచాడు. తర్వాత కథ మీకు తెలిసిందే. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయమన్నా, పరువు పోతుందని తెల్లారేదాకా చేయలేదు.

కొత్తవాళ్లు అడిగేచోట మొదట చెప్పాల్సింది ఇది. జవాబు అందరికీ కనపడేలా ఇచ్చేవాణ్ణే నమ్మండి. పర్సనల్ మెసేజ్‌లోకి రండి, ఫోన్ చేయండి, యాప్ వేయండి అన్నవాణ్ణి అక్కడే వదిలేయండి. సాయం చేసేవాడు నలుగురిలో తప్పు చెప్తే ఇంకొకడు దిద్దుతాడు. చాటుగా చెప్తే ఎవరు దిద్దాలి?

పాత_మౌస్
నాని చెప్పింది అక్షరాలా నిజం. స్క్రీన్‌షాట్లలో మెయిల్ ఐడీలు, ఖాతాదారుల పేర్లు కూడా కనపడుతుంటాయి. చెరిపి పెట్టండి.

జెన్_జీ_జగ్గు
ఇంత చర్చ ఎందుకు? ఇప్పుడెవరు గ్రూపుల్లో అడుగుతున్నారు? ఏఐ చాట్‌బాట్‌ని తెలుగులోనే అడిగితే తెలుగులోనే చెప్తుంది. విసుక్కోదు కూడా.

వనజ_ఓరుగల్లు
విసుక్కోదు, నిజమే. తెలియదని కూడా ఒప్పుకోదు చాలాసార్లు. నేను అడిగితే లేని మెనూలో లేని బటన్ నొక్కమంది, అదీ ఎంత ధీమాగా! కొత్తవాడికి ఆ మెనూ లేకపోవడం తన లోపమా, దాని లోపమా తెలియదు. అక్కడే కూర్చుని వెతుకుతూ ఉంటాడు.

ఒక పనికి మాత్రం అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఫలానాది ఇలా అవుతోంది, దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు అని అడగండి. పేరు చెప్తుంది. ఆ పేరు పట్టుకుని అసలు హెల్ప్ పేజీల్లో వెతుక్కోండి.

బే_ఏరియా_బాబాయ్
స్టాక్ ఓవర్‌ఫ్లోవాళ్లు 2022 డిసెంబరులోనే ఏఐతో రాయించిన జవాబులు పోస్ట్ చేయకూడదని నిషేధం పెట్టారు. చూడ్డానికి సరిగ్గా ఉండి తప్పయ్యే జవాబులు కుప్పలుగా పడుతుంటే సరిచూసేవాళ్లు చాలలేదు.

జెన్_జీ_జగ్గు
మనుషులు తప్పు చెప్పరా? టీచరమ్మ గారిని ఫార్మాట్ కొట్టమంది మనిషే కదా

సీను_శ్రీకాకుళం
జగ్గుకి ఒక మార్కు

వనజ_ఓరుగల్లు
ఒక పని చేద్దామా? మనవాళ్లు సమస్యను ఏ మాటల్లో చెప్తారో ఒక పక్క, దానికి వెతకాల్సిన పేరు ఇంకో పక్క రాసిపెడదాం. జవాబు మొత్తం రాయక్కర్లేదు, పేరు దొరికితే సగం పని అయిపోతుంది. నేను మొదలుపెడతా.

తెలుగుకు ఫాంటు, సైజు మారడం లేదు, ఇంగ్లీషుకు మారుతోంది: కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్, సీటీఎల్ ఫాంట్.

తెలుగు ఫైలంతా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు: నాన్ యూనికోడ్ ఫాంట్, లెగసీ ఫాంట్ కన్వర్టర్. ముందు ఫాంటు పేరు చూసుకోవాలి.

అనంత_లైనక్స్
అక్షరాల బదులు గళ్లు గళ్లు వస్తున్నాయి: మిస్సింగ్ గ్లిఫ్. ఆ గళ్లను టోఫు అని కూడా అంటారు. గూగుల్ నోటో ఫాంట్ల పేరు నో టోఫు నుంచే వచ్చింది. నోటో సాన్స్ తెలుగు వేసుకుంటే గళ్లు పోతాయి.

ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పక్కన పడుతున్నాయి: టెక్స్ట్ షేపింగ్, తెలుగు రెండరింగ్. చాలావరకు పాత సాఫ్ట్‌వేర్‌లో వచ్చే జబ్బు.

తెనాలి_డీటీపీ
సాఫ్ట్ పక్కన వేర్ కొడితే సాఫ్ట్వేర్ అని వ కిందికి దిగిపోతోంది. దీనికి పేరేంటి? పాత కీబోర్డులో ఈ బాధ లేదు.

అనంత_లైనక్స్
జీరో విడ్త్ నాన్ జాయినర్. కంటికి కనపడని అక్షరం, ట్ పొల్లు తర్వాత పడాలి. కీబోర్డును బట్టి కీ మారుతుంది. రైటర్‌లో అయితే ఆ చోట 200సి అని (సి ఇంగ్లీషు అక్షరం) కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కితే ఆ నాలుగూ పోయి అది వస్తుంది.

టీచరమ్మ_నంద్యాల
రాసిన ప్రతి తెలుగు మాట కిందా ఎర్ర గీత: దీని పేరు నాకు తెలుసు! టెక్స్ట్ లాంగ్వేజ్. టూల్స్, లాంగ్వేజ్‌లో తెలుగు పెట్టుకోవాలి.

పాత_మౌస్
పెట్టుకున్నా సగం ఎర్రగానే ఉంటాయి టీచర్ గారూ. తెలుగు పదాల జాబితా ఉంది గానీ, మన సంధులకూ విభక్తులకూ అది ఏ మూలకు? కళ్లు నొప్పి పుడితే షిఫ్ట్, ఎఫ్7 నొక్కి ఆపేయండి.

సీను_శ్రీకాకుళం
పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే ముక్కలు ముక్కలై వస్తోంది? (ఈసారి జోకు కాదు, నిజంగా కావాలి)

వనజ_ఓరుగల్లు
తెలుగు ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను చదివి టెక్స్ట్‌గా మార్చడం. పీడీఎఫ్‌లో అక్షరాల బొమ్మలు సరిగ్గానే ఉంటాయి, ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక లేకపోయినా తప్పున్నా అలా వస్తుంది. టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు వచ్చు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిచినా చదువుతుంది. తర్వాత ప్రూఫ్ చూసుకోక తప్పదు.

బే_ఏరియా_బాబాయ్
ఈ పట్టికను వాట్సాప్‌లో మాత్రం పెట్టకండి. అక్కడ రాసింది బయట వెతికితే దొరకదు. తెలుగు బ్లాగుల తొలిరోజుల్లో లేఖినిలో ఎలా టైప్ చేయాలి, పద్మ ఎక్స్‌టెన్షన్‌తో పత్రికల సైట్లను యూనికోడ్‌లో ఎలా చదవాలి అని బ్లాగుల్లో, గూగుల్ గుంపుల్లో ఓపిగ్గా రాసిపెట్టేవాళ్లు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఈ-తెలుగు సంస్థవాళ్లు స్టాలు పెట్టి వచ్చినవాళ్లకు చేతిలో మౌసు పెట్టి మరీ చూపించేవాళ్లు. ఆ బ్లాగుల రాతల్లో కొన్ని ఇప్పటికీ వెతికితే తగులుతాయి.

మోడరేటర్
వనజ గారి పట్టికను విడిగా పైన పిన్ చేస్తున్నాను. వెతకాల్సిన పేర్లు అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో కూడా వేస్తాను, కాపీ చేసుకోవడానికి. ఇంకేమన్నా ఉంటే ఇక్కడే చెప్పండి, నేను ఎక్కిస్తా. ఇకనుంచి పాత ప్రశ్న అని మూయాలంటే లింకు తప్పనిసరి.

పాత_మౌస్
లింకు నియమం సరే. అలాగే సెట్ అయింది అని పోయేవాడు ఎలా సెట్ అయిందో రాయాలని కూడా పెట్టండి.

మోడరేటర్
పెట్టాను.

పాత_మౌస్
అయితే నాదీ ఒకటి వేసుకోండి. ఇంట్లో బాగానే ఉంది, ప్రెస్సుకు పంపితే ఫాంటు మారిపోతోంది: ఎంబెడ్ ఫాంట్స్. ఫైల్, ప్రాపర్టీస్‌లో ఫాంట్ పేజీలో ఉంటుంది. డీటీపీ గారు ఆ సావనీర్‌ని ప్రెస్సుకు ఎలాగూ పీడీఎఫ్‌గానే ఇస్తారు కాబట్టి ఆయనకు అక్కర్లేదు, ఫైలు ఇంకొకరికి దిద్దడానికి పంపేవాళ్లకు కావాలి.